మన భోజనాల బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరు?

(కెనడాలోని బ్రాంప్టన్‌లో తెలుగు క్రైస్తవ కుటుంబాల కూడికలో ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. పెద్దలకు, పాస్టరు అయ్యగారికి, స్త్రీల సమాజం అక్కలకు, వెనక నిలబడి ఉన్న యవ్వనస్థులకు కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ.

మన సంఘం చేస్తున్న భోజనాల పరిచర్య గురించి మాట్లాడమన్నారు. చలికాలంలో టొరంటో డౌన్‌టౌన్‌లో ఒక చర్చి బేస్‌మెంట్‌కి మనం వండి తీసుకెళ్తున్నాం. చాలామంది అక్కలు పగలు ఉద్యోగం చేసి, సాయంత్రం వంట చేసి, మంచులో కారు నడుపుకుంటూ వస్తున్నారు. అది చిన్న పని కాదు. కానీ ఇవాళ నేను ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడాలనుకుంటున్నాను. అక్కడ మన ఎదురుగా ప్లేటు పట్టుకుని నిలబడేవాళ్లలో ఈ నేల మూలవాసులు ఇంతమంది ఎందుకున్నారు? దీనికి జవాబు తెలుసుకోకుండా ఎన్ని ట్రేల అన్నం తీసుకెళ్లినా మనం చేసేది సగం పనే అని నా నమ్మకం.

కెనడా మొత్తం జనాభాలో మూలవాసులు, అంటే ఫస్ట్ నేషన్స్, మేటీ, ఇన్యుయిట్ ప్రజలు, 2021 జనగణన ప్రకారం 5 శాతం. దేశంలోని పలు ఊళ్లలో ఇల్లు లేనివాళ్లని 2018లో లెక్కపెట్టారు. వాళ్లలో మూలవాసులు 30 శాతం. నూటికి అయిదుగురు ఉన్నవాళ్లు, వీధిలో లెక్కపెడితే నూటికి ముప్ఫై మంది. తాగుడు వల్ల, సోమరితనం వల్ల అని మనలో కొందరు అనుకుంటారు. నేను ఆ మాట మన కార్లలోనే విన్నాను. ఒక జాతి మొత్తానికి ఒకేసారి సోమరితనం రాదు కదా. దాని వెనక ఏదో జరిగి ఉండాలి.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. మనం కూర్చున్న ఈ బ్రాంప్టన్ నుంచే మొదలుపెడదాం. ఈ నేల మిస్సిసాగా ప్రజలది. 1818 అక్టోబరులో అజటాన్స్ అనే వాళ్ల నాయకుడితో బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఒప్పందం రాయించుకుంది. దాన్ని 19వ నంబరు ఒప్పందం అంటారు. 6 లక్షల 48 వేల ఎకరాలు, దానికి బదులుగా ఏటా 522 పౌండ్ల 10 షిల్లింగుల విలువైన సరుకులు. అప్పటికే కొత్త రోగాలతో మిస్సిసాగా ప్రజలు బాగా తగ్గిపోయారు. చేపలు పట్టుకునే ఏరుల పక్కన, వేటాడే అడవుల్లో వలస వచ్చినవాళ్లు కంచెలు వేసేశారు. ఆ పరిస్థితిలో పెట్టిన సంతకం అది. అంతకు ముందు 1805లో టొరంటో భూమి ఒప్పందాన్ని ఖాయం చేసుకున్నప్పుడు ఇచ్చింది 10 షిల్లింగులు. రెండున్నర లక్షల ఎకరాలకి! ఆ అన్యాయానికి 2010లో కెనడా ప్రభుత్వం 14 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అంటే ఇది ఎవరో పాతకక్షతో చెప్పే కథ కాదు, ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క.

ఇక్కడ ఒక మనిషి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. మన సంఘాల్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు, నాకు మాత్రం చాలా ఇష్టమైన మనిషి. పీటర్ జోన్స్. తల్లి మిస్సిసాగా స్త్రీ, తండ్రి వేల్స్ మూలాలున్న సర్వేయరు. 1802లో పుట్టాడు. క్రీస్తుని నమ్ముకుని మెథడిస్టు బోధకుడయ్యాడు. తన వాళ్లకి వాళ్ల భాషలోనే సువార్త చెప్పాడు, కీర్తనలు ఓజిబ్వే భాషలోకి తెచ్చాడు. 1826లో క్రెడిట్ నది ఒడ్డున, ఇప్పటి మిస్సిసాగా ఊళ్లో, ఒక క్రైస్తవ గ్రామం లేచింది. ఇళ్లు కట్టుకున్నారు, పొలాలు దున్నుకున్నారు, బడి, గుడి పెట్టుకున్నారు. 'నాగరికులు కండి, క్రైస్తవులు కండి, మీ భూమికి భద్రత ఉంటుంది' అన్న మాట నమ్మి, అడిగినవన్నీ చేశారు.

ఆ భూమికి పట్టా కావాలని పీటర్ జోన్స్ లండన్ దాకా వెళ్లాడు. 1838లో విక్టోరియా రాణి ముందు నిలబడి అర్జీ ఇచ్చాడు. పట్టా రాలేదు. చివరికి 1847లో ఆ సంఘమంతా మూటాముల్లె సర్దుకుని హేగర్స్‌విల్ దగ్గరికి వెళ్లిపోవలసి వచ్చింది. ఆశ్రయం ఇచ్చిందెవరు? ప్రభుత్వం కాదు. అక్కడున్న సిక్స్ నేషన్స్, అంటే ఆరు మూలవాసి జాతుల కూటమి ప్రజలు, తమ భూమిలో చోటిచ్చారు. ఆ క్రైస్తవ గ్రామం ఉన్న చోట ఇప్పుడొక గోల్ఫ్ క్లబ్ ఉంది.

మనకి నాబోతు ద్రాక్షతోట కథ తెలుసు. సండే స్కూల్లో నేర్చుకున్నదే. అహాబు రాజు ఊరికే ఇమ్మని అడగలేదు, డబ్బిస్తానన్నాడు, దానికంటే మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతు ఇది నా పితరుల స్వాస్థ్యం, ఇవ్వనన్నాడు. ఆ కథ మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ మన ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం వెనక ఏ నాబోతు ఉన్నాడో అడిగే అలవాటు మనకి లేదు.

'చెల్లీ, మేము నిన్నగాక మొన్న వచ్చాం, మార్ట్‌గేజ్ కట్టలేక చస్తున్నాం, మాకేం సంబంధం?' అని ఒక అన్నయ్య నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన టెన్షన్ నాకు తెలుసు. మనం ఎవరి భూమీ లాక్కోలేదు. కానీ 2021 జూన్ నుంచి కెనడా పౌరసత్వ ప్రమాణం మారింది. మూలవాసుల హక్కుల్ని, వాళ్లతో చేసుకున్న ఒప్పందాల్ని గుర్తించే రాజ్యాంగాన్ని నమ్మకంగా పాటిస్తానని అందులో ఉంది. మీలో చాలామంది ఆ మాట చెయ్యెత్తి పలికారు. మన దేవుని ఎదుట పలికిన ప్రమాణం మనకి తేలిక విషయం కాదు. ఒప్పందంలో ఏముందో తెలియకుండా దాన్ని పాటించడం ఎలా?

ఇంకో సంబంధం ఉంది. అది మన తెలుగు క్రైస్తవులకి మరీ దగ్గరిది. మాది కాకినాడ. కెనడియన్ బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చారు. ఆయన్ని రమ్మని పిలిచింది ఒక తెలుగువాడే, థామస్ గాబ్రియేలు. ఆ మిషన్ అక్కడి నుంచి తుని, బొబ్బిలి, పిఠాపురం, ఆకివీడు దాకా పాకింది. బళ్లు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు. మా అమ్మమ్మ మిషన్ బోర్డింగ్‌లో చదువుకుంది. ఊళ్లో బడి గడప ఎక్కనివ్వని కులంలో పుట్టిన పిల్లకి దొరసానమ్మ పలక ఇచ్చింది. ఆమె టీచరయ్యింది. ఆమె చదువు వల్లే మా అమ్మ, మా అమ్మ వల్ల నేను. ఈ గదిలో సగం మందికి ఇలాంటి అమ్మమ్మో తాతయ్యో ఉన్నారని నాకు తెలుసు. అందుకే బోర్డింగ్ స్కూలు అనగానే మన కళ్లలో కృతజ్ఞత వస్తుంది.

ఆ బళ్లకి డబ్బు ఎక్కడిది? ఒంటారియో, క్యూబెక్, ఇంకా తూర్పు తీరంలోని సంఘాల కానుకల పెట్టెల్లోంచి వచ్చింది. రైతులు, వ్యాపారులు, ఇంటింటి తల్లులు వేసిన కానుకలు. ఆ రైతుల పొలాలు ఎవరివో ఇప్పుడే చెప్పుకున్నాం. మన అమ్మమ్మల అక్షరాల్లో ఈ మూలవాసుల నేల పంట కూడా ఉంది. దీన్ని మీరు నేరంగా తీసుకోవద్దు, బాధ్యతగా తీసుకోండి.

సరిగ్గా అదే కాలంలో ఇక్కడ మూలవాసుల పిల్లల కోసం ఇంకో రకం బోర్డింగ్ స్కూళ్లు నడిచాయి. ప్రభుత్వం డబ్బిచ్చింది, చర్చిలు నడిపాయి. ఎక్కువ భాగం కాథలిక్కులు, తర్వాత ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ సంఘాలు. 1925లో మెథడిస్టులూ ప్రెస్బిటేరియన్లలో ఎక్కువమందీ కలిసి యునైటెడ్ చర్చి అయ్యాక అది కూడా. 1920లో చట్టం మార్చి, పిల్లల్ని పంపడం తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వం తీసుకుంది. మొత్తం మీద దాదాపు లక్షా యాభై వేల మంది పిల్లలు ఈ బళ్లలోకి వెళ్లారు. చివరి బడి మూతపడింది 1990ల చివర్లో. అంటే మనలో కొందరు అప్పటికి డిగ్రీ చదువుతున్నారు.

మా అమ్మమ్మని బడిలో ఎవరూ తెలుగు మాట్లాడినందుకు కొట్టలేదు. పైగా ఆమె తెలుగులోనే బైబిలు చదివింది, రాగం కట్టిన తెలుగు కీర్తనలు పాడింది, చీర కట్టుకుంది, జడ వేసుకుంది, సెలవులకి ఇంటికొచ్చింది. ఇక్కడి పిల్లలకి మొదటి రోజే జడలు కత్తిరించారు. సొంత భాషలో మాట్లాడితే శిక్ష. చాలా చోట్ల పేరు బదులు నంబరు. అన్నాచెల్లెళ్లు ఒకే బడిలో ఉన్నా మాట్లాడుకోనివ్వలేదు. ఎంతోమంది మీద లైంగిక అత్యాచారాలు జరిగాయి. ఈ బళ్లలో చనిపోయినట్టు పేర్లతో నమోదైన పిల్లలే 4,100 మందికి పైగా ఉన్నారు. క్షయ, ఆకలి, అగ్నిప్రమాదాలు, పారిపోతూ చలికి చనిపోవడం. 1907లోనే పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యాధికారి ఈ బళ్లలో పిల్లలు ఎలా చనిపోతున్నారో రిపోర్టు రాసిచ్చాడు. పైవాళ్లు దాన్ని పట్టించుకోలేదు.

ఇక్కడి నుంచి గంటన్నర డ్రైవ్‌లో బ్రాంట్‌ఫర్డ్‌లో మోహాక్ ఇన్‌స్టిట్యూట్ భవనం ఉంది. లండన్‌లోని ఒక ఆంగ్లికన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టింది, 1970లో మూతపడింది. అక్కడ చదివిన పిల్లలు దానికి 'మష్ హోల్' అని పేరు పెట్టుకున్నారు. మష్ అంటే ఆ ఓట్స్ జావ. రోజూ అదే పెట్టేవాళ్లట. ఈ సంగతి నాకు మన బేస్‌మెంట్‌లోనే తెలిసింది. ఒక ఉదయం ఒక పెద్దాయన నేనిచ్చిన ఓట్‌మీల్ గిన్నె వైపు చూసి, పక్కకు జరిపి, బ్రెడ్ ఉందా అని అడిగారు. అక్కడ వంటగది చూసే అనిషినాబే (మూలవాసుల్లో ఒక జాతి) అమ్మ నన్ను పక్కకి పిలిచి, పెద్దవాళ్లకి ఓట్‌మీల్ అడిగి పెట్టు అని మెల్లగా చెప్పింది. ఇంకేమీ వివరించలేదు. ఇంటికెళ్లి నేనే చదువుకున్నాను.

చూడండి, మనం ప్రేమతో పెట్టే గిన్నె కూడా ఒకరికి చిన్ననాటి జైలుని గుర్తుచేయగలదు. చరిత్ర తెలుసుకోమని నేను బతిమాలుతున్నది ఇందుకే. ఇది లైబ్రరీ విషయం కాదు, వడ్డన విషయం.

బళ్లు మూసేశారు కదా, తర్వాత తరం రోడ్డు మీదికి ఎలా వచ్చింది అని అడగొచ్చు. అమ్మానాన్నల ఒడి ఎరగకుండా పెరిగిన పిల్లలు తల్లిదండ్రులయ్యారు. ఎలా పెంచాలో చూసిన అనుభవం వాళ్లకి లేదు. 1951 తర్వాత రాష్ట్రాల శిశు సంక్షేమ శాఖలు రిజర్వుల్లోకి, అంటే మూలవాసులకి కేటాయించిన ప్రాంతాల్లోకి, వచ్చాయి. పేదరికాన్ని నిర్లక్ష్యం అని రాసుకుని వేలమంది పిల్లల్ని తీసుకెళ్లి వేరే కుటుంబాలకి దత్తత ఇచ్చేశారు. ఈ కాలాన్ని సిక్స్‌టీస్ స్కూప్ అంటారు. ఆగిపోయిందా? 2021 జనగణనలో 15 ఏళ్ల లోపు పిల్లల్లో మూలవాసులు 7.7 శాతం. ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవాళ్ల దగ్గర కాకుండా వేరేవాళ్ల ఇళ్లలో పెంచే ఏర్పాటులో, ఉన్న పిల్లల్లో మాత్రం 53.8 శాతం. సగానికి పైగా! ఫోస్టర్ కేర్‌లో పెరిగిన పిల్లకి పద్దెనిమిదో పంతొమ్మిదో వచ్చాక సాయం తగ్గిపోతుంది. మన పిల్లలకి ఆ వయసులో ఎవరున్నారు? అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, బేస్‌మెంట్‌లో గది ఉంది, డిపాజిట్‌కి బాబాయి అప్పిస్తాడు. ఆ పిల్లకి ఎవరూ లేరు. ఆ వయసులోనే చాలామంది మొదటిసారి షెల్టర్ తలుపు తడతారు.

జెస్సీ థిసిల్ అని మేటీ-క్రీ పండితుడు ఒకరున్నారు. ఆయన స్వయంగా చాలాకాలం వీధుల్లో బతికి, తర్వాత చదువుకుని పైకొచ్చారు. మూలవాసులకి ఇల్లు లేకపోవడం అంటే ఏమిటో 2017లో ఆయన 12 కోణాల్లో నిర్వచించారు. అందులో ఆయన చెప్పేది నాలుగు గోడలు లేకపోవడం గురించి మాత్రమే కాదు. భూమితో, నీళ్లతో, బంధువులతో, భాషతో, ఆచారాలతో తెగిపోవడం కూడా ఇల్లు లేకపోవడమే. ఇది చదివాక నాకు మన వంటగది పని కొత్తగా అర్థమైంది. అన్నం ఒక్కటీ ఇచ్చి పంపితే ఆ తెగిన వాటిలో ఏదీ అతకదు.

ఇప్పుడు కొందరికి ఇబ్బంది కలిగించే విషయానికి వస్తాను. స్మడ్జింగ్. సేజ్, స్వీట్‌గ్రాస్, సెడార్ లాంటి ఆకుల్ని ఒక గవ్వ చిప్పలోనో గిన్నెలోనో కాల్చి, ఆ పొగని చేతులతో మొహం మీదికి, గుండె మీదికి తీసుకుంటారు. మనసు శుభ్రం చేసుకుని ప్రార్థనకి సిద్ధం కావడం. మనం వెళ్లే చర్చిలో వారానికోసారి ఒక ఎల్డర్, అంటే మూలవాసులు గౌరవించే పెద్ద, వచ్చి ఇది చేయిస్తారు. మొన్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు బయటికి వెళ్లిపోయారు. ఇది అన్యాచారం కదా, చర్చిలో ఎలా ఒప్పుకుంటారు అన్నారు.

వాళ్ల భయాన్ని నేను తీసిపారేయను. మన కుటుంబాల్లో విశ్వాసం కోసం ఊరి బహిష్కరణలు భరించినవాళ్లు ఉన్నారు. ఏది వదిలామో, ఎందుకు వదిలామో మనకి ముఖ్యం. కానీ రెండు సంగతులు ఆలోచించండి. పసిపిల్లకి తలంటి పోసి సాంబ్రాణి పొగ వేస్తాం కదా, మన క్రైస్తవ ఇళ్లలో కూడా. దాన్ని ఎవరూ విగ్రహారాధన అనలేదు. పొగ అనగానే పూజ అని తేల్చేయకూడదు. ఇక రెండోది. వాళ్లు మనల్ని చేయమని అడగడం లేదు. వాళ్లని చేసుకోనివ్వమని అడుగుతున్నారు. ఈ దేశంలో 1884లో చట్టం చేసి పాట్‌లాచ్ అనే పశ్చిమ తీరపు మూలవాసుల విందు, కానుకల వేడుకల్ని నిషేధించారు, తర్వాత మైదాన ప్రాంతాల నాట్యాల మీద కూడా ఆంక్షలు పెట్టారు. 1951 దాకా అది తీయలేదు. చేసుకున్నవాళ్లు జైలుకి వెళ్లారు. ఆ చట్టం కావాలని గట్టిగా అడిగినవాళ్లలో చర్చివాళ్లు ఉన్నారు. ఆ చరిత్ర ఉన్న భవనంలో, చర్చి కప్పు కింద ఒక మనిషి భయం లేకుండా ఆ ఆకు వెలిగించుకుంటే, అక్కడ ఏదో సరిదిద్దబడుతోంది. మీకు మనసు ఒప్పకపోతే గౌరవంగా పక్కన నిలబడండి. మొహం ముడుచుకుని బయటికి మాత్రం వెళ్లొద్దు. ఆ పెద్దవాళ్లు ఆ మొహాలు చిన్నప్పుడే చూశారు.

విన్నిపెగ్‌లో ఒక పెద్ద క్రైస్తవ షెల్టర్ ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో మూలవాసులే ఎక్కువ. వాళ్ల ఆధ్యాత్మిక ఆచారాలకి అక్కడ సరైన చోటు ఇవ్వడం లేదని 2021లో పాత ఉద్యోగులు బహిరంగంగా ప్రశ్నించారు. గొడవ పెద్దదై ఆ సంస్థ అధిపతి తప్పుకోవలసి వచ్చింది. అన్నం, మంచం, బట్టలు అన్నీ ఇస్తున్న సంస్థ అది. అయినా మనుషులు ఇంకా ఏదో అడిగారు. అడగడం వాళ్ల హక్కు.

చర్చిలు క్షమాపణ అడగలేదా అంటే, అడిగాయి. 1986లో సడ్బరీలో యునైటెడ్ చర్చి మోడరేటర్, అంటే ఆ చర్చి అధ్యక్షుడు, బాబ్ స్మిత్ మూలవాసుల ఎల్డర్ల ముందు నిలబడి క్షమించమని అడిగారు. మా పాశ్చాత్య అలవాట్లనే సువార్త అనుకుని మీ మీద రుద్దాం అనేది ఆ మాటల సారం. 1993లో ఆంగ్లికన్ చర్చి తరపున మైఖేల్ పీర్స్ అడిగారు. 1998లో యునైటెడ్ చర్చి ఈ బళ్ల విషయంలో ప్రత్యేకంగా మళ్లీ అడిగింది. 2022 జులైలో పోప్ ఫ్రాన్సిస్ అల్బర్టాలోని మాస్క్వాచీస్‌కి వచ్చి అడిగారు.

నాకు బాగా నచ్చింది 1986 క్షమాపణకి వచ్చిన జవాబు. రెండేళ్లు ఆలోచించి 1988లో మూలవాసుల సంఘాలు చెప్పాయి: మీ క్షమాపణ విన్నాం, గుర్తించాం. అంగీకరించాం అని మాత్రం అనలేదు. సడ్బరీలో దాని గుర్తుగా రాళ్లతో ఒక గుట్ట కట్టారు. ఆ గుట్టని పూర్తి చేయకుండా వదిలేశారు, కావాలనే. మాట అయ్యింది, పని ఇంకా ఉంది అని. మన దగ్గర సారీ చెప్పేస్తే అవతలివాళ్లు వెంటనే పర్లేదు అనాలని ఎదురుచూస్తాం. వాళ్లు అనలేదు, ఆ చర్చి దాన్ని గౌరవించింది. జక్కయ్య కూడా ప్రభువుని సంతోషంగా ఇంట్లో చేర్చుకుని అక్కడితో ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట అన్న తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు.

ఈ బళ్ల చరిత్రని విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 పిలుపులు ఇచ్చింది. అందులో 59వది నేరుగా చర్చిలకే. ఈ చరిత్రలో తమ చర్చి పాత్ర ఏమిటో, క్షమాపణలు ఎందుకు అవసరమయ్యాయో సంఘ సభ్యులకి నేర్పాలని. అంటే నేను ఇప్పుడు ఇక్కడ చేస్తున్న పని మనల్ని ఎవరో అడిగినదే. ఆ బళ్లు మన తెలుగు సంఘం నడపలేదు. నిజమే. అయినా డౌన్‌టౌన్‌లో మెడలో సిలువతో మనం కనబడితే, మనది ఏ సంఘమని ఆ పెద్దాయన అడగడు. ఆయనకి మనం చర్చి. అంతే.

మన ఊళ్ల సంగతి కూడా ఒక్క మాట. అరకు, పాడేరు, భద్రాచలం వైపు మన్యంలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని 1/70 చట్టం ఉంది. అయినా ఎన్ని భూములు చేతులు మారాయో మనలో ఆ వైపువాళ్లకి బాగా తెలుసు. ఆశ్రమ పాఠశాలలో కోయ పిల్లకి తన భాషలో ఒక్క పాఠమైనా దొరకడం ఎంత కష్టమో అక్కడ పనిచేసిన టీచర్లు చెబుతారు. ఎవర్నీ వేలెత్తి చూపడానికి నేను ఇది చెప్పడం లేదు. ఇక్కడ నేర్చుకున్నది అక్కడి మన బంధువులతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా పనికొస్తుందని చెబుతున్నాను.

సరే, పనిలో ఏం మార్చుకుందాం?

టొరంటో చర్చిలు ఇళ్లు లేనివాళ్ల కోసం చేసిన పని చాలా గొప్పది. 1987లో సిస్టర్ సూసన్ మోరన్, కొందరు హైస్కూలు పిల్లలు కలిసి 'అవుట్ ఆఫ్ ది కోల్డ్' మొదలుపెట్టారు. రోజుకొక చర్చి తన బేస్‌మెంట్‌లో చాపలు పరిచి, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ పెట్టేది. యూదుల సినగాగులు కూడా కలిశాయి. కోవిడ్‌తో రాత్రి పడుకోబెట్టే పద్ధతి చాలా చోట్ల ఆగింది, భోజనాలు మిగిలాయి. 2023 ఎండాకాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన శరణార్థులు డౌన్‌టౌన్ ఫుట్‌పాత్ మీద పడుకుంటే, వాళ్లని లోపలికి తీసుకుంది నల్లజాతి సోదరుల చర్చిలు. మనం ఆ వరసలో చేరుతున్నాం, సంతోషం. కానీ ప్రతిసారీ మన చర్చి బ్యానర్ ముందు ఫొటో తీసుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆపేద్దాం. తిండి కోసం నిలబడ్డ మనిషి మొహం ఫొటోలో పడకూడదు. ఒకప్పుడు చర్చివాళ్లే తమ బళ్ల పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీసి, కానుకలిచ్చినవాళ్లకి పంపేవాళ్లు. ఇది తెలిశాక నాకు ఫోన్ తీయబుద్ధి కాలేదు.

అన్నం పెట్టే ముందు వాక్యం చెప్పాలి, కరపత్రం ఇవ్వాలి అని కొందరు అడుగుతున్నారు. వద్దని నా మనవి. ఆకలితో ఉన్నవాడు వినక తప్పదు కాబట్టి వింటాడు. ఆ బళ్లలో జరిగింది అదే. ఎవరైనా ప్రార్థన చేయమని అడిగితే అప్పుడు చేయండి, మనసారా చేయండి. చాలామంది అడుగుతారు కూడా. ఆ పెద్దవాళ్లలో మనకంటే గట్టి విశ్వాసులు ఉన్నారు. క్రీ భాషలో, ఓజిబ్వేలో కీర్తనలు పాడేవాళ్లు ఉన్నారు. ఒకసారి పాడమని అడగండి.

మన కానుకల్లో కొంత మూలవాసులే నడిపే సంస్థలకి నేరుగా ఇవ్వాలని సంఘ పెద్దల్ని కోరుతున్నాను. టొరంటోలో నా-మీ-రెస్ అని మూలవాసుల పురుషుల కోసం వాళ్లే నడిపే షెల్టర్ ఉంది. అనిషినాబే హెల్త్ అనే వాళ్ల ఆరోగ్య సంస్థ ఉంది. వాళ్లకి ఏం కావాలో వాళ్లకి తెలుసు. ఎల్డర్‌ని మన దగ్గరికి మాట్లాడటానికి పిలిస్తే, ముందుగా కొంచెం పొగాకు చేతికిచ్చి అడగడం ఇక్కడి మర్యాద. ప్రయాణ ఖర్చులు, గౌరవ వేతనం కూడా ఇవ్వాలి. మన అతిథి ప్రసంగీకులకి ఇస్తాం కదా, అంతే ఇవ్వాలి.

యవ్వనస్థులకి ఒక పని. బ్లాంకెట్ ఎక్సర్‌సైజ్ అని ఉంది. 1997లో చర్చిల ఉమ్మడి సంస్థ, ఇప్పుడు కైరోస్ అంటున్నారు, మూలవాసుల పెద్దలతో కలిసి తయారుచేసింది. నేల మీద దుప్పట్లు పరిచి వాటి మీద అందరూ నిలబడతారు. ఒక్కో ఒప్పందం, ఒక్కో చట్టం చదివేకొద్దీ దుప్పట్లు మడిచేస్తూ వస్తారు, మనుషులు చివరికి ఇరుక్కుపోతారు, కొందరు పక్కకి వెళ్లిపోవలసి వస్తుంది. గంటన్నరలో అయిపోతుంది. శిక్షణ ఉన్నవాళ్లతోనే చేయించాలి, చివర్లో అందరూ కూర్చుని మాట్లాడుకునే సమయం ఉండాలి. మన యూత్ రిట్రీట్‌లో ఒక పూట దీనికి ఇవ్వమని పాస్టరు అయ్యగారిని అడిగాను, ఒప్పుకున్నారు.

డౌన్‌టౌన్‌లో ఈటన్ సెంటర్ పక్కన హోలీ ట్రినిటీ చర్చి ఉంది. షాపింగ్‌కి వెళ్లి దాని పక్కనుంచే నడిచి ఉంటారు. అక్కడ ఇల్లు లేని స్థితిలో చనిపోయినవాళ్ల పేర్ల జాబితా ఉంది, వెయ్యికి పైగా పేర్లు. కొందరికి పేరు కూడా తెలియక జాన్ డో, జేన్ డో అని రాశారు. ప్రతి నెలా రెండో మంగళవారం మధ్యాహ్నం అక్కడ చిన్న ప్రార్థన జరుగుతుంది, ఆ నెలలో చనిపోయినవాళ్ల పేర్లు చేరుస్తారు. ఆఫీసు డౌన్‌టౌన్‌లో ఉన్నవాళ్లు లంచ్ టైములో ఒక్కసారి వెళ్లి రండి.

సెప్టెంబరు 30 ఆరంజ్ షర్ట్ డే. ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆవిడకి ఆరేళ్లప్పుడు వాళ్ల నానమ్మ కొనిచ్చిన ఆరంజ్ చొక్కాని అలాంటి ఒక బోర్డింగ్ బడిలో మొదటి రోజే లాగేసుకున్నారు. ఆ జ్ఞాపకంతో 2013లో మొదలైంది ఇది. 2021 నుంచి అదే తేదీ సత్యం, సయోధ్యల జాతీయ దినం కూడా. మన పిల్లలు స్కూల్లో ఆ రోజు చొక్కా వేసుకుని వెళ్తారు, ఇంటికొచ్చి అడిగితే మనకి జవాబు తెలిసి ఉండాలి. ఆ వారంలో వచ్చే శనివారం బ్రాంట్‌ఫర్డ్ వెళ్లాలని ప్లాన్. మోహాక్ ఇన్‌స్టిట్యూట్ భవనం పక్కనే వుడ్‌లాండ్ కల్చరల్ సెంటర్ ఉంది. వాళ్లతో మాట్లాడి టైము ఖాయం చేస్తాం. చిన్నపిల్లల్ని తీసుకురావాలా వద్దా అనేది అమ్మానాన్నలు ఆలోచించుకోండి, అక్కడ వినేది బరువుగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనం మాత్రం మనం కట్టుకెళ్లొద్దు. సిక్స్ నేషన్స్ వైపు వాళ్ల హోటళ్లున్నాయి, అక్కడే డబ్బిచ్చి తిందాం.

రావాలనుకునేవాళ్లు టీ బ్రేక్‌లో స్త్రీల సమాజం టేబుల్ దగ్గర పేరు రాయించండి. కారులో ఎన్ని సీట్లు ఖాళీయో కూడా రాయండి. ఈ నెల డౌన్‌టౌన్ వడ్డనకి మందపాటి సాక్సులు, గ్లవ్స్ కావాలన్నారు, కొత్తవే తీసుకురండి. ఇంకా నాకు ఇచ్చిన టైములో పది నిమిషాలు ఉన్నాయి. ప్రశ్నలుంటే అడగండి, స్మడ్జింగ్ గురించి అడగాలన్నా మొహమాటపడొద్దు.